మంచం కిందికి దూరిన కుక్కకు మాలిమి ఎలా వస్తుంది

షెల్టర్ నుంచో రోడ్డు మీంచో కుక్కను తెచ్చుకున్న ఇళ్లలో మొదటి రెండు మూడు రోజులు దాదాపు ఒకేలా గడుస్తాయి. అది ఒక మూల చూసుకుని కూర్చుంటుంది, మొరగదు, దేన్నీ కొరకదు, ఎత్తుకుంటే ఎత్తించుకుంటుంది, పిల్లలు తల నిమురుతుంటే కదలకుండా ఉంటుంది. "ఎంత బుద్ధిమంతురాలో చూడండి" అని ఫ్యామిలీ గ్రూపులో ఫొటోలు వెళ్తాయి. మూడో వారంలో అదే కుక్క పనమ్మాయిని చూసి గుర్రుమంటుంది, పిల్లాడు దగ్గరికొస్తే పళ్లు చూపిస్తుంది, ఇక ఇంట్లో టెన్షన్ మొదలు. మొదట్లో బాగానే ఉండేదిగా, మనమే గారం చేసి పాడు చేశామా అని ఒకరినొకరు అడుక్కుంటారు.

మొదట్లో అది బాగా లేదండీ. భయం వేసినప్పుడు జంతువు పారిపోతుంది, లేదా ఎదురుతిరుగుతుంది, రెండూ కుదరకపోతే బిగుసుకుపోతుంది. రెండు బెడ్రూముల ఫ్లాట్‌లో పారిపోయే దారి లేదు, కొత్త మనుషుల మీద తిరగబడే ధైర్యం లేదు, కాబట్టి బిగుసుకుపోయింది, మనకది బుద్ధిగా కనపడింది. మూడు వారాలకు కాస్త ఊపిరి పీల్చుకుని, నచ్చనిది నచ్చలేదని చెప్పడం మొదలుపెట్టింది. అది గుర్రుమంటే మనకు గుండె జారిపోతుంది, నిజమే, కానీ కిక్కురుమనకుండా పడి ఉన్న కుక్క కంటే గుర్రుమన్న కుక్కతో పని సులువు. దాని మనసులో ఏముందో కనీసం తెలుస్తోంది.

ఈ బిగుసుకుపోవడం సంగతి అర్థం కావాలంటే 1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మాయర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగం ఒకటి తెలియాలి. ఇవాళ చదివితే కడుపులో దేవేస్తుంది, అయినా చెప్పుకోవాలి. కొన్ని కుక్కలకు కరెంటు షాక్ ఇచ్చారు, తలతో ఒక పలకను నొక్కితే అది ఆగిపోతుంది. ఇంకొన్నిటికి సరిగ్గా అంతే షాక్, కానీ అవి ఏం చేసినా ఆగదు. తర్వాత వాటిని చిన్న అడ్డుగోడ ఉన్న పెట్టెలో పెట్టారు, గోడ దూకితే చాలు, షాక్ ఉండదు. మొదటి గుంపు దూకేసింది. రెండో గుంపులో చాలా కుక్కలు ప్రయత్నం కూడా చేయకుండా కూలబడ్డాయి. తిన్న షాక్ రెండు గుంపులకీ ఒకటే, తేడా అంతా ఆపగలగడంలోనే ఉంది. అసలు ముచ్చట ఏంటంటే, 2016లో వాళ్లిద్దరే తమ పాత సిద్ధాంతాన్ని తిరగరాశారు. కూలబడటం నేర్చుకున్న విషయం కాదు, వదలకుండా కష్టం వచ్చిపడితే మెదడు దానంతట అదే చేసే పని అది. నేర్చుకోవాల్సింది నా చేతిలో ఏదో ఉందన్న సంగతి, అన్నారు.

బెదిరిన కుక్క విషయంలో మిగతా సలహాలన్నీ ఇందులోంచే వస్తాయి. దానికి ముద్దుల కంటే ముందు తప్పుకునే దారి కావాలి. దగ్గరికి రావాలా, ఎంత దూరంలో ఆగాలా, ఎప్పుడు వెళ్లిపోవాలా అన్నది దాని చేతిలో ఉండాలి.

అయితే భయం అంతా ఒక రకం కాదు. ముడుచుకుని కూర్చున్న కుక్కను చూడగానే "పాపం, ఎవరో బాగా కొట్టినట్టున్నారు" అంటాం. కొన్నిసార్లు నిజమే అయ్యుండొచ్చు, కానీ చాలాసార్లు జరిగింది అంతకంటే సాదా విషయం, చూడాల్సిన వయసులో చూడాల్సినవి చూడలేదు. కుక్కపిల్లకు సుమారు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం దాకా ఒక కిటికీ తెరిచి ఉంటుంది, ఆ రోజుల్లో ఇబ్బంది లేకుండా పరిచయమైన మనుషులు, చప్పుళ్లు, నేలలు జీవితాంతం మామూలు విషయాలుగా ఉండిపోతాయి. ఆ టైములో బోనులోనే పెరిగిన పిల్లకు, ఎవరూ ఒక్క దెబ్బ వేయకపోయినా, తిరిగే ఫ్యాన్ కూడా భూతమే. కుక్కపిల్లల కోసమే పెంచి, ఈతలు అయిపోయాక వదిలేసిన లాబ్రడార్లు, హస్కీలు కొన్ని ఇలాగే వస్తాయి, చూడ్డానికి ఖరీదైన జాతి, కానీ మెట్లెక్కడం రాదు. వీటికి తోడు పుట్టుకతో వచ్చే పిరికితనం ఒకటి ఉంది, తల్లి బెదురుదైతే పిల్లల్లోనూ కొంత కనపడుతుంది.

ఇక వీధిలో పెద్దదైన కుక్క లెక్కే వేరు. దానికి మనుషులు, ఆటోలు, బండ్ల హారన్లు కొత్త కాదు, దాని భయమంతా నాలుగు గోడలంటే, మూసిన తలుపంటే, మెడకు కట్టిన బెల్టంటే. ఇక్కడ నా అభిప్రాయం కొంతమందికి నచ్చదు, అయినా చెప్తాను. గల్లీలో నలుగురు అన్నం పెడుతుండగా, చెవికి కోత పెట్టి ఉండి, అంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయి, ఎవరి జోలికీ పోకుండా బతుకుతున్న పెద్ద కుక్కను రక్షించడం పేరుతో ఐదో అంతస్తుకు తీసుకెళ్లడం దానికి మేలు కాకపోవచ్చు. దాన్ని దాని చోటే ఉంచి ఏటా రేబిస్ టీకా వేయించడం కూడా రక్షించడమే. దెబ్బ తగిలింది, తల్లి లేని పిల్ల, యజమాని వదిలేసి పోయాడు, అలాంటివాటికి ఇల్లు కావాలి.

ఇంకో కారణం చాలామందికి తట్టదు, అది నొప్పి. మన హైదరాబాద్‌లో గోమార్లు ఎక్కువ, అవి మోసుకొచ్చే టిక్ ఫీవర్ ఎక్కువ, లోపల జ్వరం, కీళ్ల నొప్పులు ఉన్న కుక్క ముట్టుకోనివ్వకపోతే దాన్ని పిరికిది అనేస్తాం. చెవిలో చీము, పుచ్చిన పన్ను, తుంటి కీలు లోపం, ఏదైనా కావచ్చు. కాబట్టి ట్రైనర్ కంటే ముందు డాక్టర్. రక్త పరీక్ష, నట్టల మందు, టీకాలు అయ్యాకే మిగతా కథ. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, ప్రైవేటు క్లినిక్కులకు కొదవే లేదు. కాకపోతే తెచ్చిన రోజే ఐదారు పరీక్షలకు తిప్పకండి, ప్రాణం మీదికి రానిదైతే ఒకట్రెండు రోజులు కుదురుకోనివ్వండి.

ఇంట్లో దానికో చోటు కావాలి. హాల్లో సోఫా పక్కన గులాబీ రంగు పరుపు వేసి "ఇదే నీ ప్లేస్" అంటే కుదరదు, హాల్ అంటే కాలింగ్ బెల్, టీవీ, వచ్చేపోయే జనం. వెనక బెడ్రూమ్‌లో మంచం కిందో, అల్మరా పక్క సందులోనో, అది ఎంచుకున్నదే దాని చోటు. అక్కడికే నీళ్లు, తిండి వెళ్తాయి. అక్కడున్నప్పుడు దాన్ని ఎవరూ ముట్టుకోరు, కాలు పట్టుకుని బయటికి లాగరు, ఫోన్ టార్చ్ వేసి ఫొటోలు తీయరు. ఈ ఒక్క రూలు ఇంటిల్లిపాదీ పాటిస్తే సగం పని అయినట్టే. పాటించడమే కష్టం, ఎందుకంటే వచ్చిన ప్రతి చుట్టానికీ "ఏదీ, కుక్క ఏదీ" అని వంగి చూడాలని ఉంటుంది.

దగ్గరికి మనం వెళ్లం, అది వస్తుంది. నేల మీద కూర్చోండి, దానికి ఎదురుగా కాదు, పక్కకు తిరిగి, కళ్లలోకి చూడకుండా, మీ పని మీరు చేసుకుంటూ. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ చిన్న చిన్న ముక్కలు చేసి, దాని వైపు ఒకటి మెల్లగా వేయండి, ఊరుకోండి. చాలామంది ఇక్కడ ఒక ఎత్తు వేస్తారు, ముక్కల్ని వరసగా తమ వైపు పేర్చి, చివరి ముక్క చేతిలో పెట్టుకుని రప్పిస్తారు. ఆకలి కొద్దీ అది మెడ చాచి చేతిదాకా వస్తుంది, వెనక కాళ్లు మాత్రం పారిపోవడానికి సిద్ధంగా ఉంటాయి, ముక్క నోట్లో పడగానే తానెక్కడికి వచ్చిందో చూసుకుని హడలిపోతుంది. అందుకే ఉల్టాగా చేయండి. అది ఒక్క అడుగు ముందుకేస్తే, ముక్కను దాని వెనక్కి విసరండి. ధైర్యం చేసినందుకు తిండి, పైగా దూరం కూడా దొరికింది. మళ్లీ అదే వస్తుంది, ఈసారి వెనక కాళ్లు కూడా వదులుగా ఉంటాయి. ముట్టుకునే రోజు వచ్చాక కూడా తల మీద చెయ్యి పెట్టొద్దు, ఛాతీ దగ్గర కాసేపు నిమిరి చెయ్యి తీసేయండి. ఇంకా కావాలంటే అది ఒరుసుకుంటుంది. తల తిప్పుకుంటే వద్దని అర్థం.

అన్నట్టు, తిండి సంగతి వచ్చింది కాబట్టి, పెరుగన్నం ఎక్కువ కుక్కలకు పడుతుంది, కానీ మిగిలిపోయిన బిర్యానీ పెట్టకండి, అందులో ఉల్లిపాయ ఉంటుంది, ఉడికిన ఎముకలుంటాయి. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ కుక్కలకు విషం కిందే లెక్క.

చప్పుళ్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, మన ఇళ్లలో భయం ఎక్కువగా అక్కడే తగులుకుంటుంది. కూకట్‌పల్లిలో మా పిన్ని వాళ్లు తెచ్చుకున్న కుక్కకు కుక్కర్ విజిల్ అంటే చచ్చేంత భయం. విజిల్ కాదు, దానికి ముందు వచ్చే సుయ్‌మనే చప్పుడుకే బాత్రూంలోకి పరుగు. మా బాబాయి మొదట అన్నది "రోజూ వింటే అదే అలవాటవుతుంది లే" అని. అందరం అనుకునేది అదే, కానీ తప్పించుకోలేని భయంలో రోజూ ముంచితే అలవాటు కావడం అరుదు, ముదరడమే ఎక్కువ. వాళ్లు ఆఖరికి చేసింది ఇది. కొన్నాళ్లపాటు అన్నం ఎలక్ట్రిక్ కుక్కర్‌కు మారింది, పప్పు మాత్రం కుక్క డాబా మీదికి వెళ్లిన టైములో ఉడికేది. విజిల్ చప్పుడు ఫోన్‌లో రికార్డ్ చేసి, వంటింటికి దూరంగా ఉన్న గదిలో వినీ వినపడనంత సౌండ్‌లో పెట్టేవారు, వినపడగానే ఒక చికెన్ ముక్క. చప్పుడు ముందు, ముక్క తర్వాత, ఈ వరస తప్పకూడదు. ముక్క చూపించి చప్పుడు పెడితే కొన్నాళ్లకు కుక్క చికెన్‌నే అనుమానించడం మొదలుపెడుతుంది. చప్పుడు రాగానే అది బాత్రూం వైపు కాకుండా పిన్ని చేతి వైపు చూసిన రోజున సౌండ్ ఒక్క పాయింట్ పెంచారు. చూడకపోతే, తినకపోతే, సౌండ్ ఎక్కువైనట్టే, మళ్లీ తగ్గించాలి. భయం ఒక గీత దాటాక కుక్క తినదు, నేర్చుకోదు, ఆ గీత కింద ఉన్నంతసేపే ఏదైనా పని జరుగుతుంది. మిక్సీ, వాషింగ్ మెషీన్, కాలింగ్ బెల్, అన్నిటికీ ఇదే పద్ధతి.

ఆ గీత కూడా రోజూ ఒకే చోట ఉండదు, అదే ఇబ్బంది. అవుటర్ రింగ్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఆఫీసులో మాటలు పడి ఇంటికొచ్చిన మనిషి, పిల్లాడు నీళ్లు ఒలకబోస్తే గయ్‌మంటాడు, కోపం నీళ్లది కాదు కదా. కుక్కకూ అంతే, పొద్దున డాక్టర్, మధ్యాహ్నం కొరియర్ వాడు, సాయంత్రం పక్కింటి పెళ్లి బరాత్, ఇవన్నీ పేరుకుని రాత్రి అమ్మమ్మ చెయ్యి చాపగానే కసిరేస్తుంది. ఒక గట్టి భయం తర్వాత అది మళ్లీ మామూలు కావడానికి గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి ఒకట్రెండు రోజులు కూడా. కాబట్టి చెడ్డ రోజు తర్వాత పాఠాలు, స్నానాలు, చుట్టాలు ఏమీ వద్దు.

భయం ఎంతుందో ఎలా తెలుస్తుందంటే, తోక కాళ్ల మధ్యకు పోవడం అందరికీ తెలిసిందే, అంతకు ముందే వచ్చేవి చూడాలి. తిండి లేకుండానే మూతి నాక్కోవడం, నిద్ర లేకుండానే ఆవలించడం, చెవులు వెనక్కి అతుక్కోవడం, తల అటు తిప్పి కళ్లు మాత్రం ఇటు పెట్టి తెల్లగుడ్డు కనపడేలా చూడటం, ఒక ముందు కాలు ఎత్తి ఆగిపోవడం. ఇవన్నీ మర్యాదగా "కాస్త దూరం" అనడం. ఎవరూ పట్టించుకోకపోతే గుర్రుమంటుంది. దానికి ఒక్కటి వేస్తే ఏమవుతుంది? భయం అలాగే ఉంటుంది, హెచ్చరిక మాత్రం ఆగిపోతుంది, తర్వాత నేరుగా పంటి గాటే. మొరిగే కుక్క కరవదని మనవాళ్ల సామెత, దాన్ని మరీ నమ్ముకోకండి గానీ, మొరగనివ్వని కుక్క కరవడం మాత్రం ఖాయం అనుకోవచ్చు.

దీనికి తోడు ఇంకో అపోహ, భయపడినప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం అలవాటవుతుందని. ఇది కుక్కలు పెంచే పాతవాళ్లు కూడా నమ్మకంగా చెప్తారు. భయం ఒక ఎమోషన్, మనం ఊరడించినంత మాత్రాన అది బహుమతి అనుకుని పెరగదు. అదే వచ్చి ఒళ్లో తల పెడితే నిమరండి, తప్పేం లేదు. రాని దాన్ని లాక్కొచ్చి కౌగిలించుకోవడమే తప్పు.

ఇంట్లో మనుషుల సంగతి. పిల్లలకు చెప్పాల్సింది ఒకటే, కుక్క దగ్గరికి మనం పోం, తినేటప్పుడు పడుకున్నప్పుడు అస్సలు పోం. చిన్నపిల్లల్ని, కొత్త కుక్కను ఒక గదిలో పెద్దవాళ్లు లేకుండా వదలొద్దు, ఐదు నిమిషాలైనా సరే. పూజ గదిలోకి, వంటింట్లోకి కుక్క రాకూడదని అమ్మమ్మో నానమ్మో అంటే దానికి గొడవ అక్కర్లేదు, గుమ్మానికి చిన్న గేటు పెడితే ఇద్దరికీ ప్రశాంతం. పైగా కుక్కను పట్టించుకోకుండా తన పాటికి తాను భక్తి టీవీ చూసుకునే ఆవిడ దగ్గరికే ఈ పిరికి కుక్కలు ముందు చేరడం నేను చూశాను. ఆవిడ వంగదు, చెయ్యి చాపదు, పిలవదు. వాటికి కావాల్సింది సరిగ్గా అదే.

మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క ప్రచారంలో ఉంది, మూడు రోజుల్లో బెరుకు, మూడు వారాల్లో అలవాటు, మూడు నెలల్లో సొంతిల్లు అని. సైన్సేం కాదు, ఓపిక పట్టమని చెప్పడానికి పనికొస్తుంది, అంతే. నిజంగా బెదిరిన కుక్కకు ఏడాది పట్టొచ్చు, కొన్ని భయాలు తగ్గుతాయే తప్ప పూర్తిగా పోవు.

బయటికి తీసుకెళ్లడానికి తొందర వద్దు. మొదటి వారాల్లో అసలు ప్రమాదం ఇంట్లోంచి పారిపోవడమే, డెలివరీ బాయ్‌కి తలుపు తీసిన అర నిమిషం చాలు. కొత్త కుక్కకు ఇంటి దారి తెలియదు, మీ పిలుపు తెలియదు, భయంలో ఎటు పడితే అటు పరిగెత్తి ఏ మియాపూర్ చౌరస్తాలోనో తేలుతుంది. మెడ బెల్టు ఒక్కటే అయితే వెనక్కి లాగినప్పుడు తలలోంచి జారిపోతుంది, కాబట్టి ఒంటికి పట్టే హార్నెస్‌కు ఒక తాడు, బెల్టుకు ఒక తాడు, రెండూ ఉండాలి. మెడలో మీ ఫోన్ నంబరు ఉన్న బిళ్ల ఉండాలి. వాకింగ్ తెల్లవారుజామునో రాత్రి పొద్దుపోయాకో, గల్లీ కుక్కల గుంపులు లేని రూటు చూసుకుని. కొండాపూర్‌లో జీహెచ్ఎంసీ 2018లో తెరిచిన డాగ్ పార్క్ ఉంది కదా, నాలుగు కుక్కలతో కలిస్తే అదే కలివిడి అవుతుందని తీసుకెళ్లేవాళ్లున్నారు. ధైర్యంగల కుక్కకు అది బాగుంటుంది, దీనికి మాత్రం నరకం.

అపార్ట్‌మెంట్ వాళ్ల పోరు వేరే. పెంపుడు కుక్కల్ని నిషేధించే, లిఫ్ట్ ఎక్కొద్దనే అధికారం అసోసియేషన్లకు లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, కానీ ముందు టీకాల కార్డు చూపించి మంచిగా మాట్లాడండి. పోనీ గొడవెందుకని గేటు దగ్గర రోజంతా గొలుసుతో కట్టేస్తే, అది 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కిందకు వచ్చే నేరం, పైగా కట్టేసిన పిరికి కుక్కకు తప్పుకునే దారి లేదు కాబట్టి కరిచే అవకాశమే ఎక్కువ. ఎవరికైనా పన్ను దిగితే, అది మన కుక్కే అయినా, టీకా వేయించిందే అయినా, గాయాన్ని సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో రేబిస్ వ్యాక్సిన్ వేస్తారు.

పండుగల లెక్క కూడా చూసుకోవాలి. ఆషాఢం బోనాల తీన్మార్ డప్పుతో మొదలై, వినాయక చవితి డీజేలు, నిమజ్జనం, దసరా, దీపావళి దాకా మన ఊళ్లో చప్పుళ్లకు మూత పడదు. మనిషి చెవి దాదాపు 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది, కుక్క చెవి దానికి రెట్టింపు పైనే. బెదురు కుక్కను తెచ్చుకోవాలనుకుంటే దీపావళి ముందు వారం మాత్రం వద్దు. ఉన్నదానికి, ఆ రాత్రి చీకటి పడకముందే వాకింగ్ ముగించి, లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాను, టీవీ చప్పుడు పెట్టి, పక్కన ఒకరు ఉండాలి. భయం మరీ ఎక్కువైతే పదిహేను రోజుల ముందే డాక్టర్‌ని అడగండి. ట్రాజోడోన్, గాబాపెంటిన్ లాంటివి ఆ పూటకు ఇస్తారు, రోజూ ఉండే భయానికి ఫ్లువాక్సిటిన్ లాంటిది రాస్తారు, దాని గుణం కనపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మందు అంటే ఓటమి కాదు, గీత కిందికి రాలేని కుక్కకు పాఠం ఎక్కదు, మందు దాన్ని కిందికి తెస్తుంది. ఎసిప్రొమజీన్ అనే మత్తుమందు ఒక్కటే ఇస్తామంటే మాత్రం ఎందుకని అడగండి, అది ఒంటిని మత్తులో పడేస్తుంది, లోపలి భయాన్ని తగ్గించదు, మనకు మళ్లీ మొదటి రోజు కనపడ్డ "బుద్ధిమంతురాలే" కనపడుతుంది. మన మందుల డబ్బాలోంచి నిద్రమాత్ర సగం విరిచి వేయడం లాంటివి చేయొద్దు.

ఇక సంక్రాంతికి ఊరంతా ఖాళీ అవుతుంది, మీరూ వెళ్తారు. అప్పుడప్పుడే మాలిమి అవుతున్న కుక్కను పాతిక కుక్కలున్న బోర్డింగ్‌లో వదిలితే చేసిన పనంతా నీళ్లపాలవుతుంది, బస్సులో తీసుకెళ్లలేరు, ఊళ్లో పెరట్లో వదిలితే గోడ దూకుతుంది. మొదటి ఏడాదికి ఇంట్లో ఒకరు ఉండిపోవడమో, అది ఎరిగిన మనిషి వచ్చి మీ ఇంట్లోనే పడుకోవడమో కుదుర్చుకోండి. ఆ మనిషిని పండగ ముందు రోజు కాదు, దసరా నుంచే వారానికోసారి ఇంటికి పిలుస్తుండండి, వచ్చి కుక్కను పలకరించకుండా కాఫీ తాగి, నాలుగు చికెన్ ముక్కలు నేల మీద వేసి వెళ్లిపోమనండి.